రేవల్చిని మూల

రేవల్చిని పేరు ఎవరైనా ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మందుగా దానికి నేనేం వంక పెట్టను. మా మామగారి మూలికల దుకాణంలో శొంఠి, కరక్కాయ, వసకొమ్ముల వరుసలో ఒక గాజుసీసా నిండా ఆ పసుపురంగు వేరుముక్కలు ఉండేవి. సానరాయి మీద రెండు నీటిచుక్కలు వేసి అరగదీస్తే పసుపుపచ్చటి గంధం దిగుతుంది. కడుపుబ్బి, విరేచనం కాక ఏడ్చే పసిపిల్లలకు దాన్ని ఇంత తల్లిపాలలో కలిపి నాకించేవాళ్లు. వరంగల్ బజారు చుట్టుపక్కల బాలింత ఉన్న ప్రతి ఇంటికీ మా దుకాణం తెలుసు. నా కోపం మందు మీద కాదు. దాన్ని మా పెరట్లో పండిస్తానని ఆయన పట్టిన పంతం మీద, అందుకోసం ఆయన ఎంచుకున్న మూల మీద.

ఆ మూల సంగతి ముందు చెప్పాలి. నేను స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మా పుట్టింట్లో గడ్డికప్పుదే అయినా తలుపున్న స్నానాల గది ఒకటి ఉండేది. ఇక్కడ చూస్తే ముందు హాల్లో టేకు స్తంభాలు, గోడ మీద పెద్ద గడియారం, బల్ల మీద రేడియో. వెనక మాత్రం ఆడవాళ్లకు స్నానానికి దిక్కు లేదు. బావి పక్కన ఉత్తరపు మూలలో ఒక బండ, దానికి అడ్డంగా తాడు, తాడు మీద రెండు పాత చీరలు. అదే మా స్నానాల గది. మగవాళ్లు లేవకముందే, తెల్లవారుజామున, కట్టిన చీరతోనే నాలుగు చెంబులు గుమ్మరించుకుని బయటపడాలి. గాలి వచ్చిందంటే ఒక చేత్తో చీర పట్టుకోవాలి, ఇంకో చేత్తో చెంబు. వీపు రుద్దుకోవడానికి మూడో చెయ్యి దేవుడు ఇవ్వలేదు మరి!

మా అత్తమ్మ ఆ ఇంటికి చిన్నపిల్లగా వచ్చింది. అప్పటినుంచీ ఆ చీరల చాటునే స్నానం. నోరెత్తి ఎవరినీ ఏమీ అడగని మనిషి. ఒకరోజు తల తుడుచుకుంటూ నాతో అంది.

"సచ్చేలోపల ఒక్కపారన్న తలుపేస్కొని తానం చెయ్యాలె బిడ్డా. గంతకంటె పెద్ద కోరికలేం లేవు నాకు."

నవ్వుతూనే అంది.

నేను వచ్చిన ఏడాదికి మామగారు ఒక బండెడు షాబాదు బండలు దింపించారు. స్నానాల గదికే అన్నారు. గోడకు చేరేసి పెట్టారు. ఇక చూడండి, ఉగాది దాటనియ్యి అన్నారు. ఉగాది దాటింది. ఎండలు తగ్గనియ్యి అన్నారు. తగ్గాయి. తర్వాత మేస్త్రీ దొరకడం లేదన్నారు. వరంగల్ అంతటా మేడలు లేస్తున్నాయి, మాకొక్కరికే మేస్త్రీ కరువు. బండల సందుల్లో తేళ్లు కాపురం పెట్టాయి. మా ఆయనతో చెబితే "నాయినతోని నేనేమంట?" అని చెప్పులు తొడుక్కుని దుకాణానికి పోయేవారు.

అంతలో చైనాతో యుద్ధం వచ్చింది. హైదరాబాద్ నుంచి మాకు సరుకు పంపేవాళ్లు రేవల్చిని సరిగా రావడం లేదన్నారు. వచ్చినదంతా పుచ్చువేరు, గోకితే పిండి రాలేది. ఒక బాలింత తల్లి ఆ ముక్కను వెనక్కి తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టింది.

"గిదేం మందు సేటూ? సాన మీద రంగే దిగుతలేదు. మా పోరి పొద్దుగాల్నుంచి ఒక్కతీరుగ ఏడుస్తాంది."

అక్కడే కూర్చున్న బట్టల దుకాణం ఆయన ఇంకో పుల్ల వేశాడు. "చీనోళ్లతోని లడాయి నడుస్తాంటే చీనీ మందు అమ్ముతానవేందే? పేర్లనే ఉన్నది గద, రేవల్‌చీనీ అని!"

మామగారికి చుర్రుమంది. "ఇగ ఎవ్వల మీద ఆధారపడేది లేదు. నేనే పండిస్త. నా పెరట్లనే పండిస్త," అన్నారట. బట్టలాయన నవ్వి, "పెరటి చెట్టు మందుకు పనికిరాదంటరు, ఎరుకేనా?" అన్నాడట. ఆ ఒక్క సామెత మా కొంప ముంచింది. మా మామగారు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. కాదన్నవాళ్ల ముందు నాలుగో కాలు విరగ్గొట్టి అయినా చూపిస్తారు.

ప్రతి చలికాలం మా వీధికి శాలువాలు అమ్ముకునే కాశ్మీరీ ఆయన ఒకడు వచ్చేవాడు. మామగారు అతనికి పురమాయిస్తే, మరుసటి చలికాలం రుమాలు కొసన మూటగట్టి గింజలు తెచ్చాడు. గోధుమరంగు గింజలు, చుట్టూ పల్చటి రెక్కలు. "ఠండీ జగా చాహియే" అన్నాడు. చల్లటి చోటు కావాలని. అంతే, మామగారు చెప్పులు విడిచి పెరడంతా వట్టి కాళ్లతో తిరగడం మొదలుపెట్టారు. తులసికోట దగ్గర ఆగారు, తల అడ్డంగా ఊపారు. కొట్టం దగ్గర ఆగారు, ఊపారు. తిరిగి తిరిగి మా చీరల చాటుకు వచ్చి నిలబడ్డారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"గిదే! గిక్కడ్నే కాళ్లు సల్లగుంటున్నయ్."

ఎందుకు చల్లగా ఉండదు! అత్తాకోడళ్లం రోజూ పోసుకునే నీళ్లన్నీ ఆ మూలలోనే ఇంకుతుంటే చల్లగా కాక వేడిగా ఉంటుందా? ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కొత్త కోడలిని కాకపోయినా మామగారి ముందు నోరెత్తే రోజులు కావవి. అత్తమ్మే తలుపు చాటు నుంచి అడిగింది.

"మరి మేమెక్కడ తానం చెయ్యాలె?"

"కొట్టం పక్క జాగ లేదా? జర కొన్ని దినాలు సర్దుకోన్రి. పిల్లల మందు అది, పుణ్యం."

పుణ్యం ఆయనకు, చలి మాకు. కొట్టం పక్క గోడ పొట్టిది. అవతల సందు. సైకిల్ మీద ఎవరైనా పోతుంటే వాళ్ల తలకాయ మాకు కనిపించేది. వాళ్ల తలకాయ మాకు కనిపిస్తే మా తలకాయలు వాళ్లకు కనిపించవా? సైకిల్ బెల్లు వినపడితే చాలు, చెంబు వదిలేసి ముడుచుకుని కూర్చునేవాళ్లం. అత్తమ్మకు అప్పటికే మోకాళ్ల నొప్పులు. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఆ బెల్లు మోగించినవాడికి ఏం తెలుసు?

గింజలు మొలిచాయి. చలికాలమంతా చిన్న చిన్న ఆకులతో ముద్దుగానే ఉన్నాయి. శివరాత్రి దాటి ఎండ తిరిగేసరికి ఒక్కొక్కటే వాలిపోయి మాడాయి. పీడా పోయిందనుకున్నాను. మామగారు శాలువాల ఆయనతో మళ్లీ గింజలు తెప్పించారు. మళ్లీ మొలిచాయి, మళ్లీ మాడాయి. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట ఒకడు. మూడోసారి ఆయన మా షాబాదు బండల్లో కొన్నింటిని మొక్కల చుట్టూ నిలబెట్టించి, పైన వట్టివేళ్ల తడికలు కప్పించారు. మాకు గోడ కావలసిన బండలు దానికి గోడయ్యాయి. ఆ తడికలు పొద్దస్తమానం తడిపే పని నాది. ఎండాకాలం బావి అడుగంటితే తాడు లాగి లాగి నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఆయన పక్కన నిలబడి, "మెల్లగ పోయ్ బిడ్డా, ఏరు అదురుతది" అనేవారు. నా చేతులు అదిరితే ఫికరు లేదు!

ఇంతటితో అయిందా? గోనెసంచిలో రంపపు పొట్టు మధ్య ఐసుగడ్డ తెప్పించి మొక్క చుట్టూ పెట్టించేవారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ. మేము తాటాకు విసనకర్రలతో విసురుకుంటూ ఉంటే, అది ఐసు మధ్య కూర్చునేది. నిమ్మకాయ షర్బత్‌లోకి ఒక ముక్క విరుస్తానంటే మామగారు వద్దన్నారు. అత్తమ్మ అరుగు మీద నుంచి, "నన్నుగూడ గా చెట్టు పక్కన కూసోబెట్టు బిడ్డా, జర సల్లగుంటది" అంది. నేను నవ్వలేకపోయాను.

అంత గారాబం చేస్తే ఒక్కటంటే ఒక్క మొక్క ఆ ఎండాకాలం గట్టెక్కింది. వానలు దాటి చలి పడగానే విజృంభించింది. ఎర్రటి లావుపాటి కాడలు, చేటల్లాంటి ఆకులు. మేక ఒకటి లోపలికి వచ్చి మా బంతిచెట్లన్నీ నమిలి, దాన్ని మాత్రం వాసన చూసి వదిలేసింది. "సూసిన్రా, మేక గూడ ఇజ్జత్ ఇస్తాంది" అని మామగారు మురిసిపోయారు.

ఇక బజారు పెద్దమనుషులను పిలిచి చూపించడం మొదలైంది. మంచు పట్టి ఉన్నప్పుడు ఆకు అందంగా ఉంటుందట, అందుకని పొద్దున్నే తీసుకొచ్చేవారు. ఒకరోజు అత్తమ్మ కొట్టం పక్క సగం స్నానంలో ఉండగానే నలుగురు పెద్దమనుషులు పెరట్లోకి వచ్చారు, బట్టల దుకాణం ఆయనతో సహా. మామగారు ఆకు ఆకునూ పట్టి చూపిస్తూ ఉపన్యాసం. నేను వంటింటి గుమ్మంలో నిలబడి దగ్గాను. గిన్నెలు చప్పుడయ్యేలా పడేశాను. చివరికి పిల్లిని తిట్టినట్టు గట్టిగా, "పో, పో! సిగ్గు శరం లేదు, పొద్దున్నే దాపురించినవ్!" అని అరిచాను. ఒక్కరికీ ఎక్కలేదు. వాళ్లు పోయేదాకా అత్తమ్మ తడిచీరతో, చలిలో, గోడకు ఒదిగి నిలబడే ఉంది. లోపలికి వచ్చాక పెదవులు నల్లబడి ఉన్నాయి. కుంపటి దగ్గర కూర్చోబెట్టి చేతులు రుద్దాను.

"ఎన్నడు తవ్వుతడట బిడ్డా గా ఏరును?" అని అడిగింది.

శాలువాల ఆయన చెప్పిన మాట నేను దాచలేదు. వేరు మందుకు పనికిరావాలంటే ఇంకా నాలుగేళ్లు ఊరాలి. అత్తమ్మ నిప్పుల వైపు చూస్తూ, "నాలుగేండ్లా" అని మాత్రం అంది.

ఆ చలికాలంలోనే మామగారి చెల్లెలు డోర్నకల్ నుంచి వచ్చింది. వాళ్లాయన రైల్వేలో ఉద్యోగి. మనిషి సుడిగాలి. ఉన్నచోట ఉండదు, ఒకరిని ఉండనివ్వదు. "మీరు కూసోన్రి వదినా, ఇయ్యాల వంట నాది" అని కొంగు బిగించింది. నేనూ అత్తమ్మా పక్కింట్లో నోముకు పోయి వచ్చేసరికి పప్పు, అన్నం, చారు అన్నీ సిద్ధం. అందరం కూర్చున్నాం. పప్పు పుల్లపుల్లగా, కొత్తగా ఉంది. మామగారు రెండోసారి వేయించుకున్నారు.

"చుక్కకూర మస్తుగున్నది. ఎక్కడిదే చెల్లె?"

"ఎక్కడిదేంది అన్నా! మీ పెరట్లదే. బాయి పక్కన గంత గంత ఆకులు పెంచుకొని ఒక్కలు గూడ కోస్తలేరు. కాడ కొరికి చూసిన, పుల్లగున్నది. ఒక్క ఆకు మిగలకుండ తెంపిన. పాతబడితే పీచు పడ్తది గద!"

మామగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన ఎంగిలి చేత్తోనే పెరట్లోకి పరుగెత్తారు. వెనక నుంచి మాకు "అయ్యో! అయ్యో!" అని వినిపించింది. తెలుగింట్లో పుట్టినవాళ్లకు పుల్లటి ఆకు, ఎర్రకాడ కనపడితే పప్పు గుర్తొస్తుంది తప్ప ఇంకేం గుర్తొస్తుంది? ఆమెను తప్పుపట్టలేను. నిజం చెప్పనా? ఆ క్షణాన నాకు లోపల పండగలా ఉంది.

పండగ సాయంత్రం దాకా నిలవలేదు. ముందు గొంతు మంట, తర్వాత వాంతులు, ఆపైన విరేచనాలు. వండిన ఆమెతో సహా ఇంటిల్లిపాదీ పడ్డాం. దవాఖాన నుంచి వచ్చిన డాక్టరు మేక కూడా వదిలేసిన ఆకులు వండుకున్నామని విని నెత్తి కొట్టుకున్నాడు. "ఏరు మందు, ఆకు విషం. మేక ముట్టంది మనుషులు తింటరా?" మామగారు మొహం గోడవైపు తిప్పుకున్నారు.

వయసువాళ్లం మర్నాటికి తేరుకున్నాం. అత్తమ్మ తేరుకోలేదు. నాలుగు ముద్దలే తిన్నా ఆమె ఒంట్లో ఏం బలం ఉందని? మాటిమాటికీ కడిగి చీర మార్చాలి. పొద్దంతా పలకరింపులకు వచ్చే జనం. హాల్లో జనం, అరుగు మీద జనం, పెరట్లో చేతులు కడుక్కునే జనం. ఆమెను కొట్టం పక్కకు నడిపించుకుపోయి, ఒక చేత్తో ఆమెను పట్టుకుని, ఇంకో చేత్తో చీర అడ్డం పట్టి నీళ్లు పోసేదాన్ని. అప్పుడే సందులో సైకిల్ బెల్లు. ముడుచుకుని కూర్చునే శక్తి ఆమెకు లేదు. నిలబడే తడి చేతులతో మొహం కప్పుకుంది.

"ఇజ్జతంత పాయె బిడ్డా. గీ ముసలితనంల గిదేం బతుకు" అని ఏడ్చింది.

ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు. నాకు దుఃఖం, కోపం ఒక్కసారే వచ్చాయి. గోడకు చేరేసి ఉన్న ఆ బండలు కళ్లెదురుగానే ఉన్నాయి. నాకే చేతనైతే ఒక్కొక్కటీ మోసుకుపోయి నేనే గోడ కట్టేదాన్ని.

అత్తమ్మ లేచి తిరగడానికి చాలా రోజులే పట్టింది. డోర్నకల్ ఆమె మొహం చెల్లక వెళ్లిపోయింది. ఒక పొద్దున మామగారు బోడిగా మిగిలిన మొదలు దగ్గర గొంతుక్కూర్చుని మట్టి గోకి చూస్తున్నారు. ఉన్నట్టుండి సంబరంగా కేకేశారు.

"ఏరు బతికే ఉన్నది! మల్ల సిగురు పెడ్తాంది! ఈపారి కంచె ఎత్తుగ కడ్త, ఎవ్వలు చెయ్యి పెట్టకుండ. మిగిలిన బండలన్ని పడ్తయ్ దానికి."

మిగిలిన బండలన్నీ. అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఆ మాట విన్నది. తర్వాత నన్ను పిలిచింది.

"బిడ్డా, కాగు నిండ నీళ్లు పెట్టు. మరగాలె."

స్నానానికనుకున్నాను. వేడినీళ్లలో కలపడానికి చన్నీళ్లు కూడా తోడి పెట్టాను. నీళ్లు కుతకుతమన్నాక బిందెలో పట్టించుకుంది. "అత్తమ్మా, మోయలేవు" అంటే వినకుండా ఒక పక్క తను పట్టుకుని, ఇంకో పక్క నన్ను పట్టుకోమంది. కొట్టం వైపు తిరగబోయాను. ఆమె ఉత్తరపు మూలకు తిరిగింది. మామగారు ఒక బండను ఈడ్చుకొస్తూ మమ్మల్ని చూసి ఆగారు.

"ఏం చేస్తానవే?"

"తానం జాగ కడుగుతాన."

"గక్కడనా?"

"నా జాగ గిదే. పిల్లగ ఈ ఇంటికొచ్చిన కాన్నుంచి గిదే."

బిందె వంచింది. మరిగే నీళ్లు ఆ మొదలు మీద పడి బుస్సుమని ఆవిరి లేచింది. చివరి చుక్క దాకా పోసి, ఖాళీ బిందెను అక్కడే బోర్లించి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది. మామగారు అరుస్తారనుకున్నాను. ఆమె మొహం చూశారు. ఆ కంచె బండ మీదనే చతికిలబడ్డారు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఐసు పెట్టి పెంచుకున్నారు గదా, నాకూ ఒక్క నిమిషం జాలేసింది. ఒక్క నిమిషమే.

ఆ సాయంత్రం ఆయనే ఆ వేరు తవ్వుకున్నారు. మూరెడు లోతు తవ్వితే బొటనవేలంత వేరు దొరికింది. కడిగి, చెక్కు తీసి, నీడన ఎండబెట్టి సానరాయి మీద అరగదీశారు. రంగు దిగింది. లేతగానే, కానీ దిగింది. రాయి పట్టుకుని అత్తమ్మ దగ్గరికి పరుగున వచ్చారు.

"చూడు, అసలు రేవల్చిని! పెరటిదే!"

అత్తమ్మ రాయిని దీపం దగ్గరికి తీసుకుని శ్రద్ధగానే చూసింది. "మంచిగున్నది" అంది. "ఇగ మేస్త్రీని పిలువు."

మేస్త్రీ మర్నాడే దొరికాడు! ఇన్నేళ్లూ ఏ లోకంలో దాక్కున్నాడో నాకు తెలియదు. ఆ ఉత్తరపు మూలలోనే షాబాదు బండలతో నాలుగు గోడలు లేచాయి. పైన రేకు, ముందు చెక్క తలుపు, లోపల గొళ్లెం. వేరుముక్కను మామగారు ఎవరికీ అమ్మలేదు. దుకాణంలో దానికొక్కదానికే ఒక సీసా కేటాయించి, బట్టలాయన కూర్చునే చోటికి ఎదురుగా పెట్టుకున్నారు.

మొదటి స్నానం అత్తమ్మదే కావాలన్నాను. పొద్దు బాగా ఎక్కాక, మగవాళ్లంతా ఇంట్లో తిరుగుతుండగానే, ఆమె సున్నిపిండి గిన్నె పట్టుకుని లోపలికి పోయింది. గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది. నేను బావి గట్టు మీద కూర్చున్నాను. చాలాసేపయింది. నీళ్ల చప్పుడు లేదు, చెంబు చప్పుడు లేదు. మామగారు కూడా ఒకసారి వంటింటి గుమ్మం దాకా వచ్చి తొంగి చూసి పోయారు. పడిపోయిందేమోనని లేచాను. తలుపు కొట్టాను.

"అత్తమ్మా! ఏమైంది? నీళ్లు సల్లారుతాన్నయ్!"

"ఏంగాలే బిడ్డా" అని నెమ్మదిగా లోపలి నుంచి గొంతు వచ్చింది. "ఉత్తగనే కూసున్న. ఎవ్వలు చూస్తలేరు గద... జరసేపు కూసోనియ్యి."